ఆరేళ్లుగా కేబుల్ లూబర్ వాడాక: క్లచ్ వైరు నుంచి చోక్ ప్లంజర్ దాకా

బొటనవేలంత క్లాంప్, లోపల చీలిక ఉన్న రబ్బరు బుష్, బిగించడానికి రెండు స్క్రూలు, స్ప్రే డబ్బా గొట్టం దూర్చడానికి ఒక సన్నటి రంధ్రం. బైకు వైరు తొడుగు లోపలికి ఆయిల్ స్ప్రే ఎక్కించే కేబుల్ లూబర్ అంటే ఇంతే. ఆరేళ్లుగా నా రెండు పాత బళ్ళ వైర్లన్నిటికీ దీన్నే వాడుతున్నాను.

అంతకుముందు వైరు విప్పి, పైకొనకు ప్లాస్టిక్ కవరుతో గరాటు చుట్టి, పల్చటి ఆయిల్ పోసి రాత్రంతా వేలాడదీసేవాణ్ణి. పని జరిగేది. కానీ లోపల తుప్పూ మట్టీ గట్టిపడి ఉంటే ఆయిల్ సగం దాకా దిగి ఆగిపోయేది. స్ప్రే ఒత్తిడితో వెళ్తుంది కాబట్టి ఆ అడ్డు దాటేస్తుంది. మొదటిసారి క్లచ్ వైరుకు కొట్టినప్పుడు అవతలి కొన నుంచి ముందు నల్లటి బురద, తర్వాత ఇటుక రంగు ఆయిల్, చివరికి తేట ఆయిల్ వచ్చాయి. తేటగా వచ్చేదాకా ఆపకూడదు.

దీంతో ఉన్న చికాకు లీకేజీ. ఔటర్ (వైరు పై తొడుగు) వైపు స్క్రూ ముందు బిగించి, ఇన్నర్ (లోపలి తీగ) వైపుది తర్వాత బిగిస్తే బాగా తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. చుట్టూ గుడ్డ కప్పాలి, కళ్ళద్దాలు తప్పనిసరి. రబ్బరు బుష్ నాలుగేళ్లకు గట్టిపడితే మార్చాను.

ఏం స్ప్రే వాడుతున్నామన్నది పరికరం కంటే ముఖ్యం. ఒకసారి చేతికి దొరికిందని చెయిన్ లూబ్ కొట్టాను. అది లోపల జిగురులా ఆరిపోయి, చలికాలం పొద్దున్నే క్లచ్ లివర్ రాయిలా తయారైంది. పాత మామూలు వైర్లకు పల్చటి ఆయిలే మంచిది. లోపల టెఫ్లాన్ లైనింగ్ ఉన్న కొత్త వైర్లకు చిక్కటి ఆయిల్, గ్రీజు వద్దు, వాటికి దుమ్ము అంటుకుని లైనింగ్ బిగుసుకుంటుంది. స్పీడోమీటర్ వైరు సంగతి వేరు. లోపలి తీగ తిరుగుతుంది కాబట్టి దానికి గ్రీజు పలచగా రాయాలి, పైన మీటర్ వైపు ఓ జానెడు పొడిగా వదిలేయాలి. లేకపోతే గ్రీజు మీటర్‌లోకి ఎక్కుతుంది.

నాకు అసలు పాఠం నేర్పింది చోక్ వైరు, అంటే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసేటప్పుడు లాగే చోక్‌ది. ఒక బండి కొన్ని వారాల పాటు పెట్రోలు వాసన కొడుతూ, ప్లగ్ మసిపట్టి, స్లోలో ఆగిపోతూ ఉండేది. కార్బురేటర్‌లో జెట్లు (పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రాల ముక్కలు) మార్చాను, ఫ్లోట్ (పెట్రోలు మట్టాన్ని నిలిపే తేలే ముక్క) ఎత్తు చూశాను, ఫలితం లేదు. చివరికి చోక్ వైరు విప్పితే, ఇన్నర్ తుప్పుపట్టి పూర్తిగా వెనక్కి జారట్లేదు. ప్లంజర్ ఒక మిల్లీమీటరు పైకి తేలి ఉండిపోయింది. మికుని వీఎమ్ రకం కార్బురేటర్లలో చోక్ అంటే గాలికి అడ్డుపడే తలుపు కాదు, అదనపు పెట్రోలు దారిని తెరిచే ఇత్తడి ప్లంజర్. అది కింద పూర్తిగా కూర్చోకపోతే చోక్ వేసినట్టే. అందుకే ఆ వైరుకు కొంచెం ఫ్రీ ప్లే (వదులు) తప్పకుండా ఉండాలి.

ఒక జాగ్రత్త. ఆయిల్ కొట్టే ముందు వైరును కార్బురేటర్ నుంచి విప్పేయండి. లేకపోతే బురదంతా ప్లంజర్ మీదకే దిగుతుంది. ప్లంజర్‌ను పెట్రోలుతో తుడిచి, దాని కింది రబ్బరు గట్టిపడిందేమో గోటితో నొక్కి చూస్తాను. గ్రీజు పెట్టను. గాలి తలుపు రకం చోక్ అయితే, షాఫ్ట్ రెండు చివర్లా ఒక్కో చుక్క పల్చటి ఆయిల్ చాలు.

వైరు తెగేది ఎక్కువగా నిపుల్ (తీగ కొనకు ఉండే లోహపు బొడిపె) దగ్గర. నిపుల్ లివర్‌లో తిరగకుండా పట్టేస్తే, లివర్ నొక్కిన ప్రతిసారీ తీగ అక్కడే వంగి, ఒక్కో పోగూ తెగుతుంది. లూబర్ అక్కడికి చేరదు. నిపుల్‌కు వేలితో గ్రీజు రాయాల్సిందే. నేను ఏటా రెండుసార్లు చేస్తున్నాను, ఈ ఆరేళ్లలో ఒక్క వైరు కూడా దారిలో తెగలేదు.

పని అయ్యాక ఇంజన్ స్లోలో పెట్టి హ్యాండిల్‌ను ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పి చూస్తాను. శబ్దం పెరిగితే యాక్సిలరేటర్ వైరు ఎక్కడో లాగుతున్నట్టు. తర్వాత ఇంజన్ ఆపి చోక్ లివర్ వదిలి చెవి పెడతాను. ప్లంజర్ కూర్చున్న 'టక్' వినిపించాకే సైడ్ కవర్ బిగిస్తాను.