మూడో అతుకు దగ్గర తేడా: పొడిగించిన బ్యాండ్‌సా బెడ్‌తో మూడేళ్లు

పట్టీలాంటి బ్లేడ్‌తో దుంగలు కోసే పోర్టబుల్ బ్యాండ్‌సా మిల్లుకు, దుంగను పడుకోబెట్టే బెడ్ ముక్కలు అదనంగా బిగించుకుంటూ పోతే ఎంత పొడుగు దుంగైనా కోయొచ్చని అమ్మేవాళ్లు చెబుతారు. అబద్ధమేమీ కాదు. ఆ మాటలో అతుకుల సంగతి మాత్రం ఉండదు. నా పేచీ అంతా ఆ అతుకులతోనే, అందులోనూ మూడోదానితో. ఇంజన్ శక్తి, చక్రాల సైజు, ధర ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి పోను.

మిల్లు ఉన్నది అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో, విల్లమెట్ లోయ అంచున కొండవాలు మీద. కోసేది దాదాపు అంతా డగ్లస్ ఫర్ అనే సూదాకుల చెట్టు. బ్లేడ్, ఇంజన్ ఉండే సా హెడ్‌ని బెడ్ పట్టాల మీద చేత్తో తోసే రకం. ఒక్కో బెడ్ ముక్క ఆరున్నర అడుగులు. మిల్లుతో వచ్చే రెండు ముక్కల మీద 10 అడుగులు కోయొచ్చు. ఇంకో నాలుగు కలిపితే పట్టాలు 39 అడుగులవుతాయి, కోత 36 అడుగుల దాకా అందుతుంది. కొట్టాం కప్పుకు 10×12 అంగుళాల దూలాలు, 32 అడుగులవి కావాలి. వాటి కోసమే ఈ ఏర్పాటు.

అలాంటి దూలానికి దుంగ కొన దగ్గర కనీసం 17 అంగుళాల వ్యాసం ఉండాలి. మొదలు దగ్గర 21 దాకా ఉంటుంది. పచ్చి డగ్లస్ ఫర్ ఘనపుటడుగు సుమారు 38 పౌన్లు తూగుతుంది. ఆ లెక్కన ఒక్కో దుంగ టన్ను పైమాటే. ఈ బరువును గుర్తుపెట్టుకోండి, తర్వాత పని ఉంది.

రెండో చలికాలం నుంచి దూలాల్లో ఒక వింత తేడా మొదలైంది. రెండు చివరలా మూలమట్టం పెడితే చక్కగా కూర్చునేది. మొదలు నుంచి 18 అడుగుల దగ్గర పెడితే 12 అంగుళాల ముఖం మీద ఒక పక్క 2 మిల్లీమీటర్ల సందు. ఇంతేనా అనిపిస్తుంది గానీ, స్తంభం తల వచ్చి ఆనేది సరిగ్గా ఆ మధ్య భాగంలోనే. అక్కడ ఒక పక్క వెలుతురు కనిపిస్తే చూసినవాళ్లెవరూ వడ్రంగిని మెచ్చుకోరు.

అనుమానం ముందు చెట్టు మీదికే పోతుంది. నిలబడి పెరిగిన మానులో బెరడు వైపు చెక్క లాగిపట్టి ఉంటుంది, లోపలి చెక్క నొక్కుడులో ఉంటుంది. ఒక పక్క చెక్క తీసేయగానే కింది వైపు బిగువు గెలిచి దుంగ నడుము పైకి లేస్తుంది. తిరగేసి రెండో పక్క కోస్తే చివర్లు పలచగా, నడుమ మందంగా వస్తుంది. పొడుగు దుంగల్లో ఇది మామూలే. కానీ మా దూలాల్లో మందం కొలిచే కాలిపర్ పెడితే నడుమ కూడా కొలత సరిపోతోంది. మోసం చేసింది అదే. అసలు జరుగుతున్నవి రెండు తప్పులు. బిగువు వల్ల నడుమ మందం పెరుగుతోంది, పట్టా దిగడం వల్ల తగ్గుతోంది. ఒకదాన్నొకటి కప్పేసుకోవడంతో కాలిపర్‌కు చిక్కలేదు. మూలమట్టానికి చిక్కింది.

బెడ్ మొదలు నుంచి లెక్కేస్తే మూడో అతుకు పందొమ్మిదిన్నర అడుగుల దగ్గర పడుతుంది. దుంగను అడుగున్నర లోపలికి జరిపి పెడతాం. అంటే దూలం మీద 18 అడుగులు. లెక్క కుదిరింది. తీరా దారం కట్టి చూస్తే పట్టాలు గీత గీసినట్టు ఉన్నాయి! రసమట్టం కూడా అదే చెప్పింది.

కారణం తెలియడానికి ఒక దుంగ ఎక్కించాల్సి వచ్చింది. ఖాళీ బెడ్ ఉక్కు కదా, దానంతటది తిన్నగానే నిలబడుతుంది. కింద కాలు నేలకు ఆనకపోయినా అతుకు బోల్టులు దాన్ని గాల్లో పట్టుకుంటాయి. టన్ను దుంగ ఎక్కాకే ఆ కాలు దిగుతుంది. దుంగలు దొర్లించే వైపు, మూడో అతుకు కింది కాలు పావు అంగుళం దిగింది. పట్టాల మధ్య వెడల్పు 36 అంగుళాలు. ఒక్క పట్టా పావు అంగుళం దిగితే బ్లేడ్ వాలిపోయి 12 అంగుళాల మీద అందులో మూడో వంతు తేడా వస్తుంది. ఆ 2 మిల్లీమీటర్లు ఇవే.

ఆ కాలే ఎందుకు దిగిందంటే, దుంగ దొర్లి వచ్చి ఢీకొట్టేది ఆ వైపునే, బరువులో ఎక్కువ పాలు నడుమనే పడుతుంది. పైగా ఇక్కడి నేల జోరీ అనే ఎర్ర బంకమన్ను. 2011లో దీన్ని ఆరెగాన్ రాష్ట్ర మట్టిగా ప్రకటించారు. చూడ్డానికి మన ఎర్ర చెల్కలా ఉంటుంది గానీ, శీతాకాలం వానలకు నానిందంటే ఒక్కో కాలి కింద పెట్టిన చిన్న చెక్క దిమ్మను మింగేస్తుంది.

ఇప్పుడు చేస్తున్నది ఇదీ. ప్రతి అతుకు కింద 6 అంగుళాలు తవ్వి, కంకర పోసి దిమ్మిస కొట్టి, దాని మీద 8×8 స్లీపర్ అడ్డంగా పరిచాం. రెండు పట్టాల కాళ్లూ ఒకే స్లీపర్ మీద ఉంటాయి కాబట్టి దిగినా కలిసి దిగుతాయి, బ్లేడ్ వాలదు. దుంగ ఎక్కించే ర్యాంపుల బరువు బెడ్ మీద పడకుండా నేల మీదే ఆనేలా పెట్టాం. లెవెల్ చూడటం దుంగ ఎక్కాకే. ఎక్కించిన తర్వాత ప్రతి కాలి లెవెలింగ్ బోల్టునూ వేళ్లతో తిప్పి చూడాలి. తిరిగిందంటే ఆ కాలు ఊరికే వేలాడుతోందన్నమాట. దారం విషయంలో ఒక హెచ్చరిక: తాపీ మేస్త్రీల నైలాన్ దారం 39 అడుగుల మీద తన బరువుకే జారుతుంది, గట్టిగా లాగినా ఒకటిన్నర రెండు మిల్లీమీటర్లు పోతుంది. చేపలు పట్టే సన్నని అల్లిక దారం మేలు. రెండు చివరలా అంగుళం బిళ్ళ పెట్టి బిగించి, మూడో బిళ్ళను దారం కింద జరుపుతూ రావాలి.

చెట్టు బిగువుకు మందు వేరు. కొనను 2 అంగుళాలు ఎత్తి దుంగ నడిమి దవ్వను బెడ్‌కు సమాంతరం చేయాలి. నాలుగు పక్కలా అంగుళం ఎక్కువ ఉంచి కోయాలి. ఒక పక్క తీశాక 90 డిగ్రీలు కాక 180 తిప్పితే బిగువు రెండు వైపులా సమానంగా పోతుంది. ఆ తర్వాతే సన్న కోతలతో కొలతకు తేవాలి. చివరి రెండు ముఖాలకు కొత్త బ్లేడ్ తప్పనిసరి. అంగుళంపావు వెడల్పు, 10 డిగ్రీల హుక్ (పంటి వాలు), పళ్ల మధ్య 7/8 అంగుళం ఉన్నదే వాడుతున్నాం. 32 అడుగుల కోతలో పళ్లకు రెండు మూడు నిమిషాలు విశ్రాంతి ఉండదు. బంక పేరుకుని బ్లేడ్ వేడెక్కితే కోత అలలు తిరుగుతుంది. సబ్బునీళ్ల ధార కాస్త పెంచాలి. కోత వెనకాల 8 అడుగులకొక చెక్క మేకు దూర్చకపోతే పైచెక్క కుంగి బ్లేడ్‌ను పట్టేస్తుంది.

మొదటి ఏడాది అడిగిన వాళ్లందరికీ ఎక్స్‌టెన్షన్ కొనేయమనే చెప్పాను. ఇప్పటికీ కోత నాణ్యతకు వంక పెట్టను. దుంగను సగం కోసి ముందుకు జరిపి మిగతాది కోసే పద్ధతిలో కలిసే చోట మెట్టు పడుతుంది, దాన్ని రందా పట్టి తీయాలి. ఆ గొడవ దీనిలో లేదు. కానీ అప్పట్లో అన్న ‘బోల్టులు బిగిస్తే చాలు’ అనే మాటను వెనక్కి తీసుకుంటున్నా. ముక్కలకు పెట్టిన ఖర్చు కంటే నేలకు పెట్టిందే ఎక్కువైంది.

మీకు కాంక్రీటు చప్టా ఉంటే ఈ పేచీలో ముప్పాతిక మీకు ఉండదు, ధైర్యంగా కొనొచ్చు. మా లాగా వాలు నేల, బంకమన్ను, ఆరు నెలల తడి అయితే, ఏడాదికి పది పన్నెండు దూలాలైనా కోస్తేనే గిట్టుబాటు. ఒక్క కప్పుకు నాలుగు దూలాలే కావాలంటే పొడుగు బెడ్ ఉన్నవాళ్ల దగ్గర కోయించుకోండి. 20 అడుగుల లోపు చాలనుకునేవాళ్లకు అదనంగా రెండు ముక్కలు కలిపితే సరిపోతుంది. అప్పుడూ మూడో అతుకు ఉంటుంది గానీ నడుమ పడదు, చివరికి పోతుంది. దాని మీద ఓ కన్నేసి ఉంచితే చాలు.