మా బిల్డింగ్‌కి ఒక్కటే కేబుల్: ఐదేళ్ల వాడకం తర్వాత

మేముండేది గుంటూరు బ్రాడీపేటలో, పదహారు ఫ్లాట్ల పాత అపార్ట్‌మెంటులో. 2020లో లాక్‌డౌన్ సడలించిన కొత్తలో ఈ ఫైబర్ ఇంటర్నెట్ కనెక్షన్ తీసుకున్నాను. చిన్న వ్యాపారులకు జీఎస్టీ రిటర్నులు వేయడం నా పని, అదీ ఇంట్లో కూర్చునే. నెలలో 11న అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1, 20న పన్ను లెక్క చెప్పే జీఎస్టీఆర్-3బి. ఆ రెండు తేదీల్లో నెట్ పోతే నాకు అన్నం సయించదు. 3బి ఆలస్యమైతే రోజుకు 50 రూపాయలు లేటు ఫీజు పడుతుంది. అది కట్టాల్సింది నన్ను నమ్మి కాగితాలు ఇచ్చిన మనిషి.

కంపెనీ పేరు రాయడం లేదు. మా బిల్డింగ్‌లోకి వచ్చే ఫైబర్ వాళ్లదొక్కటే. ఇంకో రెండు కంపెనీలు వీధి మొగదాకా వచ్చి ఆగిపోయాయి. ఫోన్ చేస్తే "మీకు ఫీజిబిలిటీ లేదండీ" అంటారు, అంటే మా దాకా లైను లాగే వీలు లేదట. సెల్‌ఫోన్ హాట్‌స్పాట్‌తో నెట్టుకొద్దామంటే వెనక గదిలో సిగ్నల్ ఒక గీత మించదు.

ముందు మంచి చెప్తాను. లైను నడుస్తున్నప్పుడు వంక పెట్టేదేమీ లేదు. నాది 100 ఎంబీపీఎస్ ప్లాను, నెలకు 699, పైన 18 శాతం జీఎస్టీ, మొత్తం దాదాపు 825. "వంద అన్నారు, డౌన్‌లోడ్ పన్నెండే చూపిస్తోంది" అని మా ఎదురు ఫ్లాటాయన గొడవపడ్డాడు. అది మోసం కాదు. ప్లానులో ఉండేది మెగాబిట్లు, డౌన్‌లోడ్‌లో కనపడేది మెగాబైట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి వందకు పన్నెండున్నరే వస్తుంది. రాత్రి తొమ్మిదింటికి కూడా నాకు తొంభైకి తగ్గలేదు. స్పీడు గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు.

నా బాధంతా లైను పోయినప్పుడు మొదలవుతుంది.

నిరుడు మే 18 సాయంత్రం గాలిదుమారం వచ్చింది. కరెంటు పోయి గంటలో వచ్చింది కానీ, నెట్ డబ్బా మీద ఎల్‌ఓఎస్ దగ్గర ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది. ఆ లైటు వెలిగిందంటే ఫైబర్‌లో వెలుతురు మన దాకా రావడం లేదని అర్థం. స్విచ్ ఆపి వేసినా, రీసెట్ కొట్టినా లాభం ఉండదు. కస్టమర్ కేర్‌లో మాత్రం ముందు అవన్నీ చేయిస్తారు. పదిహేను నిమిషాలు ఆగాక దొరికిన అమ్మాయికి "బ్రాడీపేట నాలుగో లైను" అని చెప్తే, "ఏ లైన్ మేడం, ల్యాండ్‌లైనా, ఫైబరా?" అని అడిగింది. బ్రాడీపేటలో వీధినే లైను అంటామని, మళ్లీ అడ్డరోడ్లు వేరే ఉంటాయని విడమరిచి చెప్పాల్సి వచ్చింది. ఆ అమ్మాయిది ఏ ఊరో, తప్పు ఆమెది కాదు. కానీ మా ఊళ్లో వాళ్ల ఆఫీసుంది, అక్కడి నంబరు మాత్రం ఎవరికీ ఇవ్వరు.

మర్నాడు పొద్దున ఒక అబ్బాయి ఫోన్ చేశాడు. "మేడం, బయల్దేరుతున్నా, మీకో ఓటీపీ వచ్చింది చెప్పండి" అన్నాడు. చెప్పాను. రెండు నిమిషాల్లో మెసేజ్ వచ్చింది: మీ ఫిర్యాదు పరిష్కరించబడింది. డబ్బా మీద ఎర్ర లైటు అలాగే ఉంది. ఆ ఓటీపీ పని పూర్తయ్యాక కస్టమర్ ఇవ్వాల్సినది, ఫిర్యాదును మూసేది అదే. అది నాకు అప్పటిదాకా తెలియదు. ఇంతకుముందు ఎన్నిసార్లు అలా చెప్పేశానో!

మళ్లీ ఫోన్ చేస్తే కొత్త ఫిర్యాదు, కొత్త నంబరు. ఆ రెండోదాన్ని "కస్టమర్ అందుబాటులో లేరు" అని మూసేశారు. ఆ పూటంతా ఫోన్ నా చేతిలోనే ఉంది. మూడోదానికి కారణం కూడా రాయలేదు. ఇరవయ్యో తేదీన లాప్‌టాప్ పట్టుకుని కొరిటెపాడులో మా చెల్లెలింటికి పోయి, రాత్రి పదకొండున్నరకు ఆఖరి 3బి వేసి ఇంటికొచ్చాను.

ఇందులో కిటుకు నాకు ఆ రాత్రి అర్థమైంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024లో తెచ్చిన నాణ్యతా నిబంధనల ప్రకారం, ఇంటర్నెట్ లైనులో లోపం మూడు రోజుల్లో బాగుచేయకపోతే కస్టమర్‌కు పరిహారం ఇవ్వాలి. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి అవి అమల్లో ఉన్నాయి. నాకు ఐదు రోజులు నెట్ లేదు. కానీ వాళ్ల కాగితాల్లో చూస్తే ఏ ఫిర్యాదూ రెండో రోజు దాటలేదు. మూసేసి కొత్తది తెరిచినప్పుడల్లా రోజులు మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయి. కాబట్టి నెట్ పోయినందుకు కంటే, బాగుచేయకుండానే చేసేశామని రాసుకున్నందుకు నాకు ఎక్కువ కోపం. గాలికి తీగ తెగితే ఎవరూ ఏమీ అనరు. బాగుచేయకుండా బాగుచేశామని రాసుకోవడం అబద్ధం.

ఐదో రోజు సాయంత్రం వచ్చాడు ఆ అబ్బాయి. ఇరవై రెండేళ్లు ఉంటాయేమో, చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది. ఫైబర్‌లో వెలుతురు ఎంత వస్తోందో కొలిచే మీటరు పెట్టి చూపించాడు, మైనస్ 31. మైనస్ పక్కన అంకె పెరిగేకొద్దీ వెలుతురు తక్కువన్నమాట. "27 దాటితే డబ్బా అందుకోదమ్మా, మామూలుగా మీకు 21 ఉండాలి" అన్నాడు. స్తంభం దగ్గర కొమ్మ పడి తీగ నలిగింది. పైపొర ఒలిచి, వెంట్రుకంత గాజు పోగును స్పిరిట్ దూదితో తుడిచి, చిన్న కత్తెర లాంటి దాంతో టక్కున కోశాడు. రెండు కొసలూ అతికించే మిషన్‌లో ఎదురెదురుగా పెట్టి మూత వేశాడు. తెరమీద ఆ రెండు కొసలూ తాళ్లంత లావుగా కనిపించి, ఒక మెరుపు మెరిసి ఒకటైపోయాయి. అంతా కలిపి పాతిక నిమిషాల పని. దానికి ఐదు రోజులు, నాలుగు ఫిర్యాదు నంబర్లు.

మజ్జిగ తాగుతూ చెప్పాడు: "నేను కంపెనీ మనిషిని కాదమ్మా, కాంట్రాక్టరు దగ్గర చేస్తా. టైం లోపల క్లోజ్ కాకపోతే నాకు కోత. మాకున్న మిషన్ ఒక్కటే, నలుగురం వాడుకోవాలి." అందుకే ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు. చార్జీ పెంచడానికి చేతులొచ్చే కంపెనీకి రెండో మిషన్ కొనడానికి రాలేదు.

తర్వాత అప్పీలు పెట్టాను. చాలామందికి ఈ మెట్టు తెలియదు. ట్రాయ్ విడివిడి ఫిర్యాదులు తీసుకోదు. ముందు కంపెనీ ఫిర్యాదు కేంద్రం, అక్కడ న్యాయం జరక్కపోతే అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీ. దీనికి ఫీజు లేదు, 39 రోజుల్లో తేల్చాలి. ఫిర్యాదు నంబరు ఉండాలి, నెల రోజుల్లోపు పెట్టుకోవాలి. నాలుగు నంబర్లూ, మూసేసిన మెసేజ్‌లూ, టైము కనపడేలా గోడ గడియారంతో కలిపి తీసిన ఎర్ర లైటు ఫొటోలూ అన్నీ జతచేశాను. ముప్పై నాలుగో రోజున జవాబొచ్చింది. ఐదు రోజుల నెట్ చార్జీ, 137 రూపాయలు, తర్వాతి బిల్లులో తగ్గిస్తామన్నారు, తగ్గించారు. మూసేయడం గురించి ఒక్క ముక్క లేదు, "సాంకేతిక కారణాలు" అని రాశారు. అక్కడితో తృప్తిపడని వాళ్లు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు. టెలికాం కస్టమర్లు అక్కడికి వెళ్లవచ్చని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. 5 లక్షల లోపు విలువకు ఫీజు కూడా లేదు. నాకు సీజను పనితో కుదరలేదు.

ఆ తర్వాత రెండుసార్లు లైను పోయింది. రెండుసార్లూ ఓటీపీ అడిగితే "పచ్చ లైటు వచ్చాక చెప్తా బాబూ" అన్నాను. ఒకసారి అదే రోజు, ఒకసారి మర్నాటికి బాగయింది. ఆరు నెలలది ఒకేసారి కట్టడం మానేసి నెలనెలా కడుతున్నాను. కొంచెం ఎక్కువే పడుతుంది, పడనీ. గడువు తీరడానికి వారం ముందు నుంచి సేల్స్ వాళ్లు రోజూ ఫోన్ చేస్తారు, తెలుగులో, మర్యాదగా, మొదటి రింగుకే మనిషి గొంతు వినపడుతుంది. ఆ మనిషిని ఫిర్యాదుల నంబరు దగ్గర కూర్చోబెట్టమని వాళ్లతోనే చెప్పాను. రాసుకుంటామన్నారు.

ఈమధ్య వీధి మొగ దాకా వచ్చిన ఇంకో కంపెనీ మనిషిని నేనే పట్టుకుని మేడ మీదకు తీసుకెళ్లాను. పన్నెండు ఇళ్లవాళ్లు ఒప్పుకుంటే డబ్బా పెడతామన్నాడు. తెల్ల కాగితం మీద సంతకాలు పెట్టిస్తున్నాను. ఎదురు ఫ్లాటాయనది మొదటిది, ఇప్పటికి పదకొండు వచ్చాయి. మూడో అంతస్తు పిన్నిగారు తెనాలి నుంచి ఆదివారం వస్తారు.