ఒకటిన్నర శ్రుతికి 15 అంగుళాల వయోలా: ఏళ్ళ తరబడి వాడాక

ఒకటి నుంచి రెండు శ్రుతి మధ్యలో పాడే మగ గొంతుకు పక్కవాద్యం వాయించాలంటే, వయొలిన్‌ను అంత కిందికి దించి ఈడ్చడం కన్నా వయోలా (వయొలిన్ లాంటిదే, కాస్త పెద్దది, ఇంకా కింది స్థాయిలో పలుకుతుంది) పట్టుకోవడమే మేలు. రెండున్నర దాటితే మాత్రం ఇదే వాద్యం గుదిబండ. ఈ రెండు మాటలకీ కారణాలు కింద రాస్తున్నాను. నా వాద్యం ఫ్యాక్టరీ తయారీదే: పై పలక స్ప్రూస్, వెనక పలక మేపుల్, ఫింగర్ బోర్డు ఎబొనీ. మెడ కలపకుండా పెట్టె పొడవు 15 అంగుళాలు, అంటే 381 మి.మీ. వయొలిన్ పెట్టె దాదాపు 356 మి.మీ. ఉంటుంది.

ముందు లెక్క చూడండి. వయోలా తీగలు కింది నుంచి సి, జి, డి, ఎ. ఒకటి శ్రుతి అంటే షడ్జం సి, ఒకటిన్నర సి షార్ప్, రెండు డి. ఒకటి శ్రుతికి మనకు కావలసినవి స ప స ప, అంటే సి, జి, సి, జి. మంద్ర షడ్జం, మంద్ర పంచమం ఉన్నచోటే ఉంటాయి. పై రెండు తీగలు మాత్రం రెండేసి స్వరస్థానాలు దిగుతాయి. తీగ బిగువు ఫ్రీక్వెన్సీ వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి ఆ రెండింటి మీదా 21 శాతం తగ్గుతుంది. ఒకటిన్నరకు కింది రెండూ ఒక్క స్వరస్థానం పైకి వెళ్తాయి (12 శాతం ఎక్కువ), పై రెండూ ఒక్కటి దిగుతాయి (11 శాతం తక్కువ). నాలుగు తీగలూ వాటి సహజమైన బిగువుకు ఇంత దగ్గరగా ఉండే శ్రుతి ఈ వాద్యానికి ఇంకోటి లేదు. రెండు శ్రుతిలో పై రెండూ కదలవు, కింది రెండూ 26 శాతం బిగుస్తాయి. అక్కడి నుంచే ఇబ్బంది మొదలు.

అదే ఒకటిన్నరకు వయొలిన్‌ను దించండి. జి తీగ సి షార్ప్‌కు వచ్చేసరికి బిగువు సగానికి సగం పోతుంది. మధ్య షడ్జం పలకాల్సిన ఎ తీగకు, ఆ పై ఇ తీగకు 60 శాతం పోతుంది. అంత సడలిన తీగ మీద కమాను కాస్త గట్టిగా వేసినా, వేలు కాస్త గట్టిగా అదిమినా స్వరం పైకి తేలిపోతుంది. మంద్రంలో నిలిపిన షడ్జం మొదలులో ఒకలా, చివర ఇంకోలా వినిపించేది ఇందుకే. కొందరు ఇ స్థానంలో ఎ, ఎ స్థానంలో డి, డి స్థానంలో జి ఎక్కించి, అడుగున వయోలా సి తీగ వేస్తారు. చేతిలో వయొలిన్ ఒక్కటే ఉంటే అది మంచి ఉపాయమే. కానీ నట్ (మెడ కొసన తీగలు ఆనే పట్టీ) గాళ్ళు, బ్రిడ్జి (పెట్టె మీద తీగలను మోసే చెక్క) గాళ్ళు వెడల్పు చేయించాలి, వాటిని మళ్ళీ పూడ్చడం కష్టం. పైగా తీగ పొడవు తక్కువ కాబట్టి అదే స్వరానికి బిగువు వయోలా కన్నా 15 శాతం తక్కువే ఉంటుంది. వయొలిన్‌ను తప్పుపట్టడం కాదిది. ఐదున్నర శ్రుతిలో వయొలిన్ లెక్క అచ్చం ఒకటిన్నరలో వయోలా లెక్కే. ఆడగొంతు పక్కన వయొలిన్ అంత హాయిగా పలకడానికి కారణమూ అదే.

మంగళంపల్లి బాలమురళీకృష్ణ వాయించిన వాద్యమే కాబట్టి తెలుగువాళ్ళకు వయోలా కొత్తేం కాదు. అయినా సభల్లో ఇప్పటికీ దీన్ని చూసి ‘పెద్ద వయొలినా?’ అనే అడుగుతారు.

ఇక చేతి సంగతి. వయొలిన్‌లో నట్ నుంచి బ్రిడ్జి దాకా మోగే తీగ పొడవు సుమారు 327 మి.మీ., ఈ వయోలాలో 355. తేడా ఎనిమిదిన్నర శాతం. కాగితం మీద చిన్నదే, వేలికి చిన్నది కాదు. షడ్జం నుంచి చతుశ్రుతి రిషభానికి వయొలిన్‌లో 36 మి.మీ. ఉంటే ఇందులో దాదాపు 39. షడ్జం నుంచి పంచమానికి 109 బదులు 118. నిలిపిన స్వరాలకు చెవి త్వరగానే సర్దుకుంటుంది. గమకానికి అంత త్వరగా కాదు. తోడి గాంధారాన్ని వయొలిన్ అలవాటుతో ఊపితే ఊపు పొట్టిగా పడి, పైకి అందాల్సిన చోటికి అందదు. మొదట్లో వరాళి, తోడి పక్కన పెట్టి, మోహనం, శంకరాభరణంలో నెమ్మదిగా జారుడు సాధకం చేస్తే వేలు కొత్త దూరం నేర్చుకుంటుంది. రెండు వాద్యాలూ వాయించేవారు ఒకే పూట రెండూ మార్చి పట్టకపోవడం మంచిది.

బరువు గురించి పాశ్చాత్య వాదకులు పడే అవస్థ మనకు లేదు. బాసింపట్టు వేసుకుని, కుడి పాదం ముందుకు పెట్టి, స్క్రోల్‌ను (మెడ కొసనున్న చుట్టను) చీలమండ మీద ఆనిస్తే బరువంతా నేల మోస్తుంది. పొడవు మాత్రం తెలుస్తుంది: కాలు ఇంకాస్త చాపాలి, పొట్టివాళ్ళకు నడుం లాగుతుంది. 15 అంగుళాలు మించవద్దని చెప్పేది అందుకే. 16 అంగుళాల దాంట్లో మంద్రం ఇంకా నిండుగా పలుకుతుంది, ఆ మాట నిజం. కానీ తార పంచమం దాటి వెళ్ళేటప్పుడు పెట్టె భుజం చేతికి అడ్డొస్తుంది. చీలమండ కింద మడతపెట్టిన నూలుగుడ్డ, స్క్రోల్ కింద పలుచటి రబ్బరు ముక్క ఉంటే జారదు. ఛాతీకి ఆనే అంచున చెమటకు వార్నిష్ పోతుంది కాబట్టి అక్కడా గుడ్డ వేయాలి.

తీగల్లో రెండు రకాలు ఎక్కువగా వాడాను. సింథటిక్ కోర్ (లోపలి పోగు) ఉన్న డొమినాంట్ గుండ్రంగా, గొంతుకు దగ్గరగా పలుకుతుంది. ఎక్కించాక వారం పాటు సాగుతూనే ఉంటుంది, కచేరీ ముందు రోజు మార్చకూడదు. స్టీల్ తాడు కోర్ ఉన్న హెలికోర్ ఒక్క రోజులో కుదురుకుంటుంది, తీగ సన్నం, వేగంగా అందుకుంటుంది. ఒకటి శ్రుతిలో పై రెండు తీగలు సడలుతాయని చెప్పాను కదా, అక్కడ స్టీల్ తీగే బాగా నిలబడింది. కింది రెండూ సింథటిక్, పై రెండూ స్టీల్: ఇన్నేళ్ళలో కుదిరిన కలయిక ఇదే. ఈ సైజుకు మీడియం స్కేల్ తీగలే అడగండి. పొడవైన వాద్యాల కోసం చేసిన తీగ వేస్తే లావు చుట్టు భాగం బిరడా మీదికెక్కి, మడత పడినచోట విచ్చుకుంటుంది. రెండు శ్రుతిలో తరచుగా వాయించేవారు సి, జి తీగలు తక్కువ బిగువు గేజ్‌లో తీసుకోవాలి. లేకపోతే పెరిగిన బిగువు పై పలక మీద పడి నాదం బిగుసుకుపోతుంది.

వేళ్ళు జారడానికి మనం రాసుకునే కొబ్బరినూనె తీగకు శత్రువు. నూనె, రోజిన్ (కమానుకు రాసే గుగ్గిలం) పొడి కలిసి చుట్టు సందుల్లో పేరుకుని తీగను మూగగా చేస్తాయి. వేలికొసలకు నూనె తాకీతాకనట్టు ఉంటే చాలు. వాయించడం అవగానే పొడిగుడ్డతో తీగంతా తుడవాలి, కమాను పడేచోటికి మాత్రం వేరే గుడ్డ. అల్యూమినియం చుట్టు ఉన్న తీగలను చెమట తినేస్తుంది. వేలి కింద గరుకు తగిలితే దాన్ని మార్చాల్సిందే.

కొన్నప్పుడు ఫింగర్ బోర్డు చివర తీగల ఎత్తు ఎ కింద 4.5, సి కింద 6 మి.మీ. ఉంది. గమకాలకు అది ఎక్కువ, సాయంత్రానికి వేళ్ళు మండుతాయి. బ్రిడ్జి పైఅంచు దింపించి 3.8, 5.2కు తెచ్చాక చేయి తేలికైంది. ఇంకా దించితే మంద్ర షడ్జం తీగ కమాను దెబ్బకు ఫింగర్ బోర్డును తాకి గరగరమంటుంది. లావు తీగ వెడల్పుగా ఊగుతుంది మరి. గరగర వస్తే వెంటనే బ్రిడ్జి మార్చకండి. ముందు ఫింగర్ బోర్డు మీద స్కేలు నిలువుగా పెట్టి చూడండి. మధ్యలో ఒక మిల్లీమీటరు లోపు సన్నటి పల్లం ఉండాలి. అది చదునైపోయి ఉంటే, మళ్ళీ చిత్రిక పట్టిస్తే సరిపోతుంది.

ఈ వాద్యానికున్న అసలు రోగం ఒకటుంది. ఎఫ్ స్వరం దగ్గర పెట్టె తనంతట తాను అదురుతుంది, నాదం వణుకుతుంది. వయోలా పెట్టె దాని స్థాయికి కావలసినదాని కన్నా చిన్నది కాబట్టి ఇలాంటివి వయొలిన్ కన్నా ఇందులో ఎక్కువ కనిపిస్తాయి. తమాషా ఏమిటంటే ఆ అదురు పెట్టెది, శ్రుతిది కాదు. ఒకటి శ్రుతిలో అది శుద్ధ మధ్యమం మీద పడుతుంది, ఆ స్వరం లేని కల్యాణి తప్పించుకుంటుంది. ఒకటిన్నరలో అంతర గాంధారం మీద, రెండులో సాధారణ గాంధారం మీద. గమకంలో ఆ చోటు దాటిపోతే ఎవరికీ తెలియదు. శంకరాభరణంలో ఒకటిన్నర మీద గాంధారం నిలిపితే మాత్రం దొరికిపోతారు. బ్రిడ్జికీ టెయిల్ పీస్‌కీ (తీగల కింది కొసలు కట్టే పట్టీకీ) మధ్య మంద్ర షడ్జం తీగకు చిన్న ఇత్తడి గొట్టం బిగించి, అటూ ఇటూ జరుపుతూ వణుకు తగ్గే చోట ఆపాలి. దానితో ముప్పాతిక వంతు పోయింది. మిగిలినది పనివాడు సౌండ్ పోస్ట్‌ను (పెట్టె లోపల రెండు పలకల మధ్య నిలిపే చిన్న కర్రను) అర మిల్లీమీటరు జరిపితే పోయింది. సౌండ్ పోస్ట్ మాత్రం సొంతంగా కదపవద్దు.

మంద్ర షడ్జం తీగ ఆలస్యంగా అందుకుంటుంది. వయొలిన్ మీద వేసినట్టు తేలికైన వేగపు కమాను వేస్తే ఈల వస్తుంది. బ్రిడ్జికి కాస్త దగ్గరగా, నెమ్మదిగా, బరువుగా వేయాలి. వయోలా కమాను 70 గ్రాములుంటుంది, వయొలిన్‌ది 60. ఆ పది గ్రాములూ ఇక్కడే పనికొస్తాయి. రెండో కాలం దాటిన కల్పనస్వరాలు మంద్రంలో వద్దు. గాయకుడు మంద్రంలో వేగంగా పాడినా జవాబు పై తీగ మీద ఇవ్వడమే మర్యాద. రోజిన్ వయోలా కోసం అమ్మే మెత్తటిదే తీసుకోమంటారు, మన మే నెలలో అది బంకగా మారుతుంది. గట్టి రకమే నయం.

బిరడాల గొడవ వాతావరణానిది. కోస్తాలో వానాకాలం ఉబ్బి బిగుసుకుంటాయి, హైదరాబాదు ఎండల్లో కుంచించుకుపోయి జారతాయి. జారితే బిరడా తీసి, తాకే రెండు చోట్లా పొడి సబ్బు ఒకసారి, దాని మీద సుద్దముక్క రుద్ది, తిప్పుతూ లోపలికి నెట్టాలి. బిగుసుకుంటే సుద్ద వద్దు, సబ్బు ఒక్కటే. కచేరీకో శ్రుతి మార్చేవారు గేరు ఉన్న బిరడాలు వేయించుకుంటే ఈ తంటా సగం తప్పుతుంది. చూడ్డానికి మామూలు బిరడాల్లాగే ఉంటాయి.

శ్రుతి మార్చిన ప్రతిసారీ బ్రిడ్జి పైఅంచు స్క్రోల్ వైపు వంగుతుంది. టెయిల్ పీస్ వైపు ముఖం పలకకు నిటారుగా ఉందా అని పక్క నుంచి చూసి, రెండు చేతుల బొటనవేళ్ళతో, చూపుడువేళ్ళతో పట్టి కొద్దికొద్దిగా వెనక్కి తేవాలి. నట్ గాళ్ళలో, బ్రిడ్జి గాళ్ళలో మెత్తటి పెన్సిల్ ముక్కు రుద్ది ఉంచితే వంగడం తగ్గుతుంది. నాలుగు తీగలూ ఒకేసారి వదులు చేస్తే లోపల సౌండ్ పోస్ట్ పడిపోవచ్చు. ఒక్కొక్క తీగే మార్చండి.

అందరికీ ఇది వద్దు. ఈ వారం ఐదున్నర, వచ్చే వారం ఒకటి అన్నట్టు ఎవరికి పడితే వారికి వాయించేవారికి మొదటి వాద్యం వయొలినే. పిల్లలకు అసలు వద్దు. ఒకే మగ గొంతుకు స్థిరంగా వాయించేవారు, లేదా రెండు శ్రుతి లోపు సోలో వాయించేవారు కొనవచ్చు. దుకాణంలో వయోలాను పాశ్చాత్య శ్రుతిలో వాయించి చూపిస్తారు. అక్కడే మీ శ్రుతికి దింపించి, మంద్ర షడ్జం నుంచి తార పంచమం దాకా ఒక్కొక్క స్వరం నాలుగైదు సెకన్లు నిలిపి వినండి. సి తీగ విడిగా స్టాకులో లేకపోతే అప్పుడే ఒకటి ఆర్డరు చేయండి. వయొలిన్ మోసుకెళ్ళే కేసులో ఇది పట్టదు, దీని కేసు కూడా అడిగి తీసుకోండి.