పెర్మనెంతెమెంతె, దెఫినితివమెంతె: ఏది మేలు?

ఇటాలియన్ నేర్చుకుంటున్న తెలుగువారు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది: మన ‘శాశ్వతంగా’కు అక్కడ ఏ మాట వాడాలి? ఇంగ్లీషు ‘పర్మనెంట్’ మనకు బాగా అలవాటైన మాట కనుక చాలామంది ‘పెర్మనెంతెమెంతె’తో సరిపెట్టుకుంటారు. నా మొగ్గు మాత్రం చాలా సందర్భాల్లో ‘దెఫినితివమెంతె’ వైపే.

ఈ ఎంపికను తేల్చేది వాక్యంలోని క్రియ అని నా అభిప్రాయం. దుకాణం శాశ్వతంగా మూతపడిందన్నా, ఒకరు తోరీనోకు శాశ్వతంగా మకాం మార్చారన్నా, ఆ పని ఒక్కసారి జరిగి ముగిసిపోయింది. ఇక దానికి తిరుగు లేదని చెప్పడమే మన ఉద్దేశం. అటువంటి చోట ఇటాలియన్లకు సహజంగా తోచేది ‘అ కియూసో దెఫినితివమెంతె’, ‘సి ఎ త్రస్ఫెరితో దెఫినితివమెంతె’. అదే వ్యక్తి ఇప్పుడు తోరీనోలో స్థిరంగా నివసిస్తున్నాడని చెప్పాలంటే అది కొనసాగుతున్న స్థితి కనుక ‘వీవె స్తబిల్మెంతె అ తోరీనో’ అనాలి. తెలుగులో ‘శాశ్వతంగా’ ఈ రెండు చోట్లా ఒదిగిపోతుంది కాబట్టే మనకు ఈ తేడా తట్టదు.

మరి ‘పెర్మనెంతెమెంతె’ స్థానం ఎక్కడ? ఎడతెగకుండా నిలిచి ఉండే స్థితి దానిది. ఒక చోట కాపలా నిరంతరం ఉంటుందని చెప్పడానికీ, ఒక మనిషి ఇక ఎన్నటికీ పనిచేయలేని స్థితిలో ఉన్నాడని పింఛను పత్రాల్లో ‘పెర్మనెంతెమెంతె ఇనాబిలె’ అని రాయడానికీ అది చక్కగా సరిపోతుంది. మామూలు సంభాషణలో మాత్రం దస్తావేజు భాషలా వినిపిస్తుంది.

‘దెఫినితివమెంతె’తో ఒక జాగ్రత్త అవసరం. అది ఇంగ్లీషు ‘డెఫినెట్లీ’ కాదు. ‘తప్పకుండా వస్తాను’ అనడానికి ‘చెర్తమెంతె’ ఉంది, ‘సెన్‌త్సాల్త్రో’ ఉంది. ఇంకొకటి, ‘మెంతె’ ఒకప్పుడు మనస్సు అనే అర్థమున్న లాటిన్ స్త్రీలింగ నామం కనుక దాని ముందు విశేషణం కూడా స్త్రీలింగ రూపంలోనే ఉంటుంది. ‘దెఫినితివో’ అక్కడ ‘దెఫినితివ’ అవుతుంది.

‘ఎప్పటికీ’ అనే అర్థమున్న ‘పెర్ సెంప్రె’ ప్రేమకూ, వీడ్కోలుకూ, ప్రమాణాలకూ తగిన మాట. దరఖాస్తులో దాన్ని రాయకపోవడమే మంచిది. ‘పెర్’ లేని ఒట్టి ‘సెంప్రె’కు ‘ఎల్లప్పుడూ’ అని అర్థం, ఒక్కోసారి ‘ఇంకా’ అని కూడా: ‘అబితి సెంప్రె అ మిలానో?’ అంటే ‘ఇంకా మిలానోలోనే ఉంటున్నావా?’ అని.

ఉద్యోగం విషయానికి వస్తే వీటిలో ఏదీ పనికిరాదు. మనం పర్మనెంట్ ఉద్యోగం అనేదాన్ని ఇటాలియన్లు మాటల్లో ‘పోస్తో ఫిస్సో’ అంటారు, ఒప్పందంలో ‘అ తెంపో ఇందెతెర్మినాతో’ అని, అంటే గడువు నిర్ణయించనిదని, రాస్తారు.