ఫార్మాట్ చేయకుండానే లాప్‌టాప్ బాగుచేసిన షాపు

తిరుపతిలో ఇల్లున్నవారికి బంధువుల ఫోన్లు దర్శనం టిక్కెట్ల కోసమే ఎక్కువగా వస్తాయి. కిందటి నెల మా పెద్దమ్మ వాళ్లకు 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టిక్కెట్లు తీసిపెట్టి, చుట్టుపక్కల ఆలయాల వేళలు కూడా చూసి చెబుదామని ఏదో యాత్రా సమాచార సైటు తెరిచాను. పేజీ మసకబారి, నడుమ క్రోమ్ గుర్తుతో ‘మీ బ్రౌజర్ పాతబడింది, వెంటనే అప్‌డేట్ చేయండి’ అనే పెట్టె వచ్చింది. బటను నొక్కితే జిప్ ఫైలు దిగింది, లోపలున్నదాన్ని కూడా తెరిచాను. ఏమీ జరిగినట్టు లేదు. ఆ సాయంత్రం నుంచి మాత్రం ఫ్యాను ఆగకుండా తిరగసాగింది.

మొదట చూపించిన చోట లాప్‌టాప్ మూత కూడా తెరవకుండా ఫార్మాట్ చేయాలన్నారు. పిల్లల ఫోటోలన్నీ అందులోనే ఉన్నందున మనసొప్పక, తిలక్ రోడ్డు పక్క సందులో ఉన్న ఈ షాపుకు తెచ్చాను.

ఇక్కడి కుర్రాడు ముందుగా వైఫై ఆపి, కంట్రోల్, జె మీటలు కలిపి నొక్కి డౌన్‌లోడ్ల జాబితా తెరిచాడు. నేను తెరిచిన ఫైలు పేరు చివర ‘.జేఎస్’ అని ఉంది, అంటే తెరవగానే నడిచే జావాస్క్రిప్ట్ ప్రోగ్రాము. ‘‘సార్, దీన్ని అడిగింది క్రోమ్ కాదు, ఆ పేజీ’’ అన్నాడు. బల్ల మీద మరొకరి కంప్యూటరులో అటువంటి పెట్టే తెరిచి ఉంటే, ఆ విండోను చిన్నది చేసి చూపాడు. పెట్టె కూడా పేజీతోపాటే నలిగింది, ఎంత లాగినా బ్రౌజర్ అంచు దాటి బయటికి రాలేదు. తర్వాత కాసేపు వైఫై కలిపి, నా క్రోమ్‌లో కుడివైపు మూడు చుక్కలు నొక్కి, హెల్ప్‌లోకి, అక్కడి నుంచి అబౌట్ గూగుల్ క్రోమ్‌లోకి వెళ్లాడు. క్రోమ్ తాజాగానే ఉంది! అసలు క్రోమ్ తనంతట తానే అప్‌డేట్ దింపుకొని, మూసి మళ్లీ తెరవమని మాత్రమే అడుగుతుందని, ఏ వెబ్ పేజీ నుంచీ ఫైలు దింపుకోమనదని అప్పుడు తెలిసింది.

ఆ సైటువారే మోసగాళ్లా అని అడిగాను. చాలాసార్లు మంచి సైట్లలోకే దొంగలు చొరబడి తమ కోడు చేరుస్తారని, విండోస్ వాడేవారికే, ఒక్కోసారి మొదటిసారి వచ్చినవారికే పెట్టె కనిపించేలా అమర్చడం వల్ల సైటు యజమాని కంట అది పడదని వివరించాడు. ఒకప్పుడు వెబ్ పేజీల్లో వీడియోలు, ఆటలు నడిపిన ఫ్లాష్ ప్లేయర్ అప్‌డేట్ పేరుతో మోసపోయినవారూ వస్తుంటారట. అడోబీ 2020 డిసెంబరు 31తోనే దానికి మద్దతు ఆపేసింది కనుక, ఆ పేరుతో వచ్చే పెట్టె ఏదైనా దొంగదే.

విండోస్‌తోపాటే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌తో ఆఫ్‌లైన్ స్కాన్ నడిపి, కంప్యూటరుతోపాటు మొదలయ్యే ప్రోగ్రాములను ఒక్కొక్కటిగా చూసి, రెండు తీసేశాడు. తెర మూలన వచ్చే వైరస్ హెచ్చరికలు మాత్రం వేరే సంగతి. ఎప్పుడో నేనే ‘అలో’ నొక్కిన నాలుగు సైట్లు పంపుతున్న నోటిఫికేషన్లవి. సైట్ సెట్టింగ్స్‌లో వాటి అనుమతి తీసేయగానే ఆగిపోయాయి. ఇకపై ‘.జేఎస్’ ఫైలు పొరపాటున తెరిచినా నడవకుండా నోట్‌ప్యాడ్‌లో తెరుచుకునేలా మార్చాడు. బ్యాంకు, మెయిల్ పాస్‌వర్డులను లాప్‌టాప్‌లో కాక ఫోనులో మార్చమని, అన్ని పరికరాల నుంచీ సైన్ అవుట్ కావాలని, డబ్బు పోయినట్టు తెలిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయమని చెప్పాడు. ఇటువంటి ఫైలు ఒకసారి నడిచాక పూర్తి భరోసా కావాలంటే ఫోటోలు దాచుకుని విండోస్ మళ్లీ వేయించడమే మేలని కూడా దాచకుండా చెప్పడం నాకు నచ్చింది. ఆ పని సెలవుల్లో చేయిస్తాను.

లోపాలూ ఉన్నాయి. రెండు గంటలన్న పని మరునాటి సాయంత్రానికి గానీ తెమలలేదు. డిఫెండర్‌తోనే పని ముగించిన మనిషే, ఏడాది యాంటీవైరస్ కొనమని మూడుసార్లు అడగడం వింతగా అనిపించింది. తీసుకున్న 600 రూపాయలు న్యాయమే గానీ, బిల్లు మాత్రం అడిగి రాయించుకోవలసి వచ్చింది. ఒక స్టారు తగ్గించింది అందుకే.