కణాల డ్రిఫ్ట్ లెక్కకు ఏది మేలు: పూర్తి కక్ష్యా, గైడింగ్ సెంటరా?

అనంతపురం, కర్నూలు, కడపల్లో ఎమ్మెస్సీ ఫిజిక్స్ ప్రాజెక్టుకు వాన్ అలెన్ పట్టీలను (భూమి అయస్కాంత క్షేత్రంలో చిక్కిన ప్రోటాన్లు, ఎలక్ట్రాన్ల వలయాలను) ఎంచుకుంటే మొదట తేల్చుకోవాల్సింది ఇదే. కణం క్షేత్రరేఖ చుట్టూ తిరిగే ప్రతి చుట్టునూ లెక్కగట్టాలా (పూర్తి కక్ష్య), లేక చుట్టు మధ్యబిందువు (గైడింగ్ సెంటర్) ఎటు జరుగుతోందో, అంటే దాని డ్రిఫ్ట్, చూస్తే చాలా? ల్యాప్‌టాప్ మామూలుదే అనుకుందాం. ప్రోటాన్ అయితే పూర్తి కక్ష్య, ఎలక్ట్రాన్ అయితే గైడింగ్ సెంటర్ మేలు.

ఎందుకో అంకెలు చెబుతాయి. భూమధ్యరేఖ దగ్గర నేల మీద ద్విధ్రువ క్షేత్రం (భూమిని ఒక దండాయస్కాంతంగా భావిస్తే వచ్చేది) సుమారు 31,000 నానోటెస్లాలు. దూరం ఘనంతో అది తగ్గుతుంది కాబట్టి ఎల్ = 4 దగ్గర, అంటే భూకేంద్రం నుంచి 4 భూవ్యాసార్ధాల దూరంలో, మిగిలేది 484. అక్కడ 1 ఎంఈవీ (పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల) ఎలక్ట్రాన్ ఒక చుట్టు తిరగడానికి 0.22 మిల్లీసెకన్లు చాలు. ఉత్తర దక్షిణాల మధ్య ఒకసారి పోయి రావడానికి సెకనులో మూడోవంతు, తూర్పుగా జరుగుతూ భూమిని చుట్టి రావడానికి 16 నిమిషాల పైన పడుతుంది. చుట్టుకు 20 అడుగులు (లెక్కలో కాలాన్ని ముక్కలు చేసే టైమ్ స్టెప్‌లు) వేసినా ఒక్క ప్రదక్షిణకు దాదాపు 9 కోట్ల అడుగులు. అడుగుకు 20 మైక్రోసెకన్లే పట్టిందనుకున్నా ఒక్క కణానికి అరగంట. గైడింగ్ సెంటర్‌లో ఒక్కో ఉత్తర దక్షిణ ఊగిసలాటకు వంద అడుగులు సరిపోతాయి. మొత్తం 3 లక్షల చిల్లరే.

ఇప్పుడు ఎల్ = 2 దగ్గర 10 ఎంఈవీ ప్రోటాన్‌ను చూడండి. చుట్టుకు 17 మిల్లీసెకన్లు, పడమరగా భూప్రదక్షిణకు 132 సెకన్లు. లక్షన్నర అడుగుల్లో పని అయిపోతుంది. ఇంత చవకగా వస్తుంటే గైడింగ్ సెంటర్ అనే ఉజ్జాయింపు దేనికి?

పూర్తి కక్ష్యకు చాలామంది అలవాటుకొద్దీ రుంగే-కుట్టా అనే సాధారణ అంకగణన పద్ధతి వాడతారు. స్థిరమైన అడుగుతో నడిపితే అది కణం శక్తిని కొద్దికొద్దిగా మింగేస్తుంది. చుట్టు వ్యాసార్ధం కుంచించుకుపోతుంది, డ్రిఫ్ట్ మందగిస్తుంది. గ్రాఫ్ మాత్రం అందంగానే వస్తుంది, అదే ప్రమాదం. అయస్కాంత క్షేత్రంలో కణాల కోసమే తయారైన బోరిస్ పద్ధతిలో అయస్కాంత క్షేత్రం వేగాన్ని తిప్పుతుందే గానీ పెంచదు, తగ్గించదు. విద్యుత్ క్షేత్రం లేనప్పుడు శక్తి మారిందంటే కోడ్‌లో తప్పుందన్నమాటే.

గైడింగ్ సెంటర్‌కూ హద్దుంది. చుట్టు వ్యాసార్ధాన్ని క్షేత్రరేఖ వంపు వ్యాసార్ధంతో భాగించండి. ద్విధ్రువంలో మధ్యరేఖ దగ్గర ఈ రెండోది కేంద్రం నుంచి ఉన్న దూరంలో మూడోవంతు. పై ప్రోటాన్‌కు 118 కి.మీ.ను 4,247తో భాగిస్తే 0.03, ఇబ్బంది లేదు. అదే ప్రోటాన్‌ను ఎల్ = 4కు తీసుకెళ్తే 0.11. అక్కడ మొదటి అడియబాటిక్ రాశి (గైడింగ్ సెంటర్ స్థిరంగా ఉంటుందని నమ్మే, చుట్టు తాలూకు అయస్కాంత భ్రామకం) నిలకడగా ఉండదు, ఫలితాన్ని నమ్మొద్దు. అందుకే ఎల్ = 2 ప్రోటాన్‌ను రెండు పద్ధతుల్లోనూ నడిపి, ప్రదక్షిణ కాలాలు కలిశాకే ఎలక్ట్రాన్‌కు వెళ్లండి.

కొన్ని కిలో ఎలక్ట్రాన్ వోల్టులకు దిగితే సమస్య వేరు. అక్కడ క్షేత్రం వాలు వల్ల వచ్చే డ్రిఫ్ట్ నత్తనడక. విద్యుత్ క్షేత్రం వల్ల వచ్చేదే పెద్దది, అది ప్రోటాన్‌నూ ఎలక్ట్రాన్‌నూ ఒకే దిక్కుకు నెడుతుంది. సమీకరణంలో ఆ విద్యుత్ క్షేత్ర పదాన్ని వదిలేస్తే ఏ పద్ధతైనా తప్పే.

ప్రారంభ స్థానంగా మన ఊరి అక్షాంశం వేయకండి. రాయలసీమ అయస్కాంత మధ్యరేఖకు దగ్గర. ఇక్కడి క్షేత్రరేఖ వందో రెండొందలో కిలోమీటర్లు లేచి దక్షిణాన దిగిపోతుంది. కణం వాతావరణంలోనే ముగిసిపోతుంది.

ఏ ఎల్ దగ్గర ఎన్ని కణాలున్నాయన్నది మీ ప్రశ్నైతే రెండు పద్ధతులూ పక్కన పెట్టి కణాల గుంపు ఎల్ వెంట ఎలా వ్యాపిస్తుందో చెప్పే రేడియల్ డిఫ్యూజన్ సమీకరణం పట్టుకోండి. వ్యాపన గుణకం (ఎంత వేగంగా వ్యాపిస్తాయో చెప్పేది) ఎల్‌తో దాదాపు పదో ఘాతంలో పెరుగుతుంది కాబట్టి లోపలి అంచు దగ్గర గ్రిడ్ మరీ ముతకగా ఉండకూడదు.

వలయ ప్రవాహాన్ని (ఈ కణాల డ్రిఫ్ట్ వల్ల భూమి చుట్టూ పారే విద్యుత్తును) నేల మీది కొలతతో పోల్చాలనుకుంటే, 2024 మే అయస్కాంత తుఫానులో డీఎస్‌టీ సూచిక (ఆ ప్రవాహం నేల మీది క్షేత్రాన్ని ఎంత తగ్గించిందో చెప్పేది) సుమారు −400 నానోటెస్లాలకు పడింది. మన దగ్గరి క్షితిజ సమాంతర క్షేత్రంలో అది ఒక శాతం. పగటి రీడింగుల్లో పైవాతావరణంలో పారే విద్యుత్ ప్రవాహాలు కలిసిపోతాయి, కాబట్టి రాత్రివే తీసుకోండి.