గులకరాళ్ల కింద నీళ్లు: కృష్ణ గట్టున రెండు రోజులు

అమరావతికి ఎగువన, కృష్ణ కుడి గట్టున ఉన్న ఒక చిన్న ఊళ్లో మా మేనల్లుడికి రెండెకరాల మిరప చేను ఉంది. దాని పక్కనే ఉన్న మెరక భూమిలో గ్రావెల్ తవ్వకానికి దరఖాస్తు పడిందని, ఒకసారి వచ్చి నేలను చూసి చెప్పమని అతడు ఫోన్ చేశాడు. ముప్పై ఏళ్లు భూగర్భశాస్త్రం పాఠాలు చెప్పినవాణ్ణి, కాదనలేకపోయాను. గుంటూరు నుంచి నేరుగానే వెళ్లవచ్చు గానీ, నది కొండల మధ్య నుంచి డెల్టాలోకి దిగే చోటును ముందు చూసి, అక్కడి నుంచి ఎగువకు వెళ్లాలని విజయవాడలో ఒక రాత్రి ఆగాను. ఆ వరుసలో చూడడమే మేలని ఇప్పటికీ నా అభిప్రాయం.

బస్టాండుకు దగ్గరలో ఒక హోటల్లో దిగాను. గది శుభ్రంగానే ఉంది కానీ, కిటికీ రోడ్డు వైపు ఉండడంతో తెల్లవార్లూ హారన్లే. ఫోన్లో ఒప్పుకున్న అద్దెకు తోడు ఉదయపు ఫలహారం పేరుతో మూడు వందలు కలిపారు. ఐదున్నరకే బయలుదేరిన నేను ఆ ఫలహారం ముట్టనే లేదు. నది దగ్గర కావడం ఒక్కటే ఆ బసలోని సుగుణం.

1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకూ మధ్య సుమారు 1.2 కిలోమీటర్ల పొడవున ఉంటుంది. ఈ కొండలు ఎక్కువగా ఖోండలైటు, అంటే భూమి లోపలి వేడికీ ఒత్తిడికీ మారిన పాత శిల. ఆ రాతిని దగ్గర నుంచి చూస్తే కందిగింజలంత ఎర్రటి గార్నెట్ స్ఫటికాలు కనిపిస్తాయి. అది శిథిలమై ఎర్రమట్టీ రాతిముక్కలూ కలిసిన గరుసు నేల అవుతుంది. రోడ్లకూ ఇళ్ల పునాదుల మెరకకూ మనవాళ్లు ‘ఎర్ర గ్రావెల్’ అని తోలించుకునేది ఇలాంటి సరుకే. కొండ పక్కనే పుట్టింది కనుక అందులోని రాళ్లకు అంచులు పదునుగా ఉంటాయి. నది మోసుకొచ్చిన గులకరాళ్ల పొర దీనికి పూర్తిగా వేరు. దరఖాస్తు కాగితాల్లో రెండింటికీ ‘గ్రావెల్’ అన్న ఒకే మాట రాయడం వల్లనే సగం గందరగోళం పుడుతోంది.

మధ్యాహ్నానికి అమరావతి చేరాను. గుడికి దగ్గరలోని సత్రంలో గది చిన్నది, వేడినీళ్లు బకెట్‌తోనే ఇస్తారు. అయినా రాత్రి నిశ్శబ్దంగా గడిచింది. మెస్సులో గోంగూర పప్పు, మజ్జిగ తృప్తిగా వడ్డించారు. నది పని మీద వచ్చేవారికి విజయవాడ హోటల్ కంటే ఈ సత్రమే నయమని చెబుతాను. పురావస్తు మ్యూజియం శుక్రవారం మూసి ఉంటుంది, అది చూసుకొని రండి. స్తూపం శిల్పాలకు వాడిన లేత రంగు సున్నపురాయి పల్నాటిది. నదికి ఎగువన ఏ రాళ్లు ఉన్నాయో ఆ ఫలకాలే మొదట చెబుతాయి.

విజయవాడలో మాట్లాడుకున్న కారు డొంకదారికి రానన్నది. అమరావతి ఆటో అబ్బాయి తొమ్మిది వందలకు ఒప్పుకొని, నాలుగు గంటలు చెట్టు కింద ఓపికగా కాచుకున్నాడు.

చేను పక్కన నమూనా కోసం తవ్విన గుంత ఉంది. నిచ్చెన వేసుకొని దిగాను. పైన నాలుగడుగులు నల్లరేగడి, దాని కింద సున్నపు గుండ్లు కలిసిన పసుపు ఒండ్రు, పదకొండు అడుగుల దగ్గర గులకరాళ్లు మొదలయ్యాయి. కోడిగుడ్డు మొదలు కొబ్బరికాయ దాకా అన్ని పరిమాణాల్లోనూ ఉన్నాయి. తెల్లటి క్వార్ట్‌జైటు (గట్టిపడిన ఇసుకరాయి), ఎర్రటి జాస్పరు రాళ్లు కడప, పల్నాడు శిలల నుంచి వచ్చినవి. వెలుతురుకు పట్టి చూస్తే తేనె రంగులో మెరిసిన అగేటు రాయి ముక్క దక్కను పీఠభూమి పాత లావాలో పుట్టి అంత దూరం దొర్లింది. అదే లావా నుంచి వచ్చిన నల్ల బసాల్టు రాయి మాత్రం ఇక్కడికి చేరాక ఏళ్ల తరబడి కుళ్లిపోయి, బొటనవేలితో నొక్కగానే పొడైంది. అంటే ఈ పొర నిన్నటి వరదది కాదు. నది ఇంకా ఎత్తున, ఇటుగా పారిన కాలానిది. రాళ్లన్నీ ఎగువ వైపుకు వాలి, ఇంటిపెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉన్నాయి. ప్రవాహం తన దిశను అలా రాసిపెట్టి పోయింది.

పద్నాలుగు అడుగుల దగ్గర రాళ్ల సందుల నుంచి నీరు ఊరుతోంది. వంద గజాల దూరంలోని మా మేనల్లుడి బావిలో చేంతాడు దించి కొలిచాం. తాడు తడిసిన గుర్తు కూడా దాదాపు అంతే లోతు చూపింది.

“మావయ్యా, మా బావికి నీళ్లు ఈ రాళ్లలోంచే వస్తున్నాయా?” అని అడిగాడు.

అవును, ఈ పొరే ఆ ఊరి చెరువు. మట్టి కప్పిన చెరువు. దరఖాస్తులో దీన్ని పనికిరాని మెరక అన్నారు. గ్రావెల్ మందం రాశారు కానీ, చుట్టుపక్కల బావుల నీటిమట్టం గురించి ఒక్క వాక్యమైనా లేదు. ఆ నీటిమట్టం దాటి తవ్వితే గుంత తెరిచిన నీటితొట్టి అవుతుంది. ఎండకు నీరు ఆవిరవుతుంది, గుంతలోంచి తోడిపోస్తే పక్క బావులు దిగిపోతాయి. తీసిన రాయి మళ్లీ రాదు కూడా. ఇది పాత గట్టు మీది పొర; పైగా నదిలో కొత్తగా దొర్లే రాయినీ ఇసుకనూ శ్రీశైలం, నాగార్జునసాగర్, పులిచింతల జలాశయాలు పైనే ఆపేస్తున్నాయి.

ఆ పులిచింతల నీటి కిందే ఇప్పుడు కొల్లూరు ఉంది. 17వ శతాబ్దంలో అక్కడి వజ్రాల గనులు చూసిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, పది, పన్నెండు, పద్నాలుగు అడుగుల దాకా తవ్వి, నీరు తగలగానే ఆపేసేవారని రాశాడు. వజ్రాలు వెతికినవాళ్లు ఆగిన హద్దు దగ్గర మామూలు గులకరాళ్ల కోసం దిగేవారు కూడా ఆగడం న్యాయమే.

5 హెక్టార్లకు లోబడిన లీజులకు కూడా పర్యావరణ అనుమతి ఉండాలని సుప్రీంకోర్టు 2012లో చెప్పింది. నదీగర్భంలో తవ్వకం లోతును 3 మీటర్లకు పరిమితం చేయాలని కేంద్ర పర్యావరణ శాఖ 2016 మార్గదర్శకాలు అంటున్నాయి. ఈ చేను నదీగర్భం కాదు కనుక, ఇక్కడ లోతును బావే నిర్ణయించాలని ఆ దరఖాస్తు మీద మేం పెట్టిన అభ్యంతరంలో రాశాం. గుంతలోని పొరల కొలతలూ, బావి లోతూ, కొలిచిన తేదీతో సహా జతచేశాం. వేసవిలో నీరు అడుగంటినప్పుడు మరోసారి కొలవాలి. అందుకని మే నెలకు అదే సత్రంలో గది చెప్పి వచ్చాను.